గంజాయేనట, మాస్టారూ

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం ఉదయం ఒక తండ్రి నాకు ఫోన్ చేశారు. ఆయన కొడుకు నా దగ్గర ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో కెమిస్ట్రీ చదువుకుని రెండో సంవత్సరంలోకి వెళ్ళినవాడు. హాస్టల్ గదిలో ఏదో దొరికిందని వార్డెన్ కబురు పెడితే, శ్రీకాకుళం అవతల నుంచి రాత్రికి రాత్రి బస్సెక్కి విశాఖపట్నం వచ్చారు. గది చూసి, కొడుకుతో మాట్లాడి, బయటికి వచ్చి నాకు ఫోన్ చేసేసరికి ఆయన గొంతులో భయం కంటే ఊరటే ఎక్కువగా వినిపించింది. "నేనింకా ఏటో అనుకున్నాను మాస్టారూ. డ్రగ్సు కాదండి, గంజాయేనట" అన్నారు.

పాతికేళ్ళకు పైగా రసాయనశాస్త్రం బోధిస్తున్న నేను కూడా ఆ మాటకు తేలికపడ్డాను. కుర్రవాణ్ణి కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పాను, ఇకమీదట ముట్టనని అతను మాట ఇచ్చాడు, తండ్రి సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళం ఇద్దరమూ అలా తేలికపడినందుకు ఆ పిల్లవాడికి ఏడాదికి పైగా చదువు పోయింది, చదువు కంటే విలువైనది కూడా కొంత పోయింది. ఆ తరవాత చదివి తెలుసుకున్నవి, వైద్యులను అడిగి తెలుసుకున్నవి, హాస్టల్ పిల్లల నోట విన్నవి ఇక్కడ రాస్తున్నాను. మత్తుపదార్థాలు చాలా ఉన్నాయి, కానీ మా ఉత్తరాంధ్రలో సిగరెట్టు, మద్యం దాటాక కుర్రవాళ్ళ చేతికి మొదట వచ్చేది గంజాయే కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తాను.

పిల్లలు మొదట అనే మాట "ఆకే కదా సార్" అని. ప్రకృతి ఇచ్చినది, రసాయనం కాదు, తులసిలాంటిదే అంటారు. గంజాయి వనంలో తులసి మొక్క అన్న మాట ఉన్న భాషలో పుట్టిన పిల్లలు ఆ రెండింటినీ ఒక గాటన కట్టడం వింటుంటే నాకు బాధగా ఉంటుంది. అసలు వాళ్ళు తాగేది ఆకు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, గంజాయిని నిర్వచించేటప్పుడు మొక్క పూత, కాయ పట్టే చివళ్ళనే చెప్పింది, ఆ చివళ్ళు లేకుండా విడిగా ఉన్న ఆకునూ గింజనూ ఆ నిర్వచనం నుంచి తప్పించింది. కారణం మొక్కలోనే ఉంది. ఆడ మొక్క పూత మీద సన్నని నూగు ఉంటుంది, ఆ నూగులో జిగురు ఊరుతుంది, మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం అందులో పోగుపడి ఉంటుంది. మా వైపు 'శీలావతి' అని పేరుపడ్డ రకానికి గిరాకీ అంతా ఆ పూత ఘాటును బట్టే. అమెరికాలో పట్టుబడిన సరుకును ఏళ్ళ తరబడి పరీక్షించిన శాస్త్రవేత్తలు, 1995లో సుమారు 4 శాతం ఉన్న టీహెచ్‌సీ 2014 నాటికి సుమారు 12 శాతానికి చేరిందని లెక్క తేల్చారు. ఇక మన మన్యంలోనే గంజాయి నుంచి తీసి చిన్న సీసాల్లో నగరాలకు పంపుతున్న హాష్ ఆయిల్‌లో అది అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. తాతల కాలంలో సాధువులు తాగేవారని చెప్పే పిల్లలు, ఆ సాధువు చిలుములో ఉన్నదీ తమ చేతిలో ఉన్నదీ ఒకటే అనుకుంటున్నారు.

ఇంకొందరు చదువుకున్న పిల్లలు 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన గంజాయి కమిషన్ నివేదికను ఇంటర్నెట్‌లో చూసి నా ముందు పెడతారు. మితంగా వాడితే చెప్పుకోదగిన హాని లేదని ఆ కమిషన్ అన్నమాట నిజమే. అతిగా వాడితే హానికరమని కూడా అదే కమిషన్ అంది. అయితే ఆ కాలానికి పదహారేళ్ళ మెదడు ఎలా ఉంటుందో, ముప్పై ఏళ్ళ మెదడుకూ దానికీ తేడా ఏమిటో ఎవరికీ తెలియదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ తేడా గురించే.

దానికి ముందు ఊరి సంగతి కొంత చెప్పాలి. విశాఖ నుంచి నర్సీపట్నం దాటి చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు మీదుగా ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల దాకా పరుచుకున్న కొండల్లో గంజాయి సాగు ఎన్నో ఏళ్ళ నాటిది. వానలతో నాటితే చలికాలంలో కోతకు వస్తుంది. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికించారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. 2024లో 'ఈగల్' పేరుతో ప్రత్యేక విభాగం ఏర్పడింది, తెలంగాణలో 2023లో మొదలైన నార్కోటిక్స్ బ్యూరోకు కూడా 2025లో అదే పేరు పెట్టారు. ఇటువైపు తోటలు తగ్గినా, సరిహద్దు అవతల పండేది కిందికి దిగడానికి దారులు మాత్రం ఇవే. పెట్టుబడి పెట్టేవాడు ఎక్కడో నగరంలో ఉంటాడు, మోసేది మాత్రం కొండమీద కుర్రవాడో, ఫీజు బాకీపడిన మైదానం కుర్రవాడో. 20 కిలోలకు మించి ఉంటే వాణిజ్య పరిమాణం కింద కనీసం పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ దాకా శిక్ష పడుతుంది, బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. ఒక బ్యాగు ఒక బస్టాండు నుంచి ఇంకో బస్టాండుకు చేరిస్తే డబ్బిస్తామన్న మాట విని యవ్వనమంతా జైలులో గడిపేవాళ్ళు మన పిల్లలే. వాళ్ళ గురించి రాసేవాళ్ళు తక్కువ కాబట్టి ఈ నాలుగు మాటలు ఇక్కడ రాశాను.

సరుకు పండే చోటికి దగ్గరగా ఉన్న నగరంలో అది చవకగా దొరకడం సహజం. అయినా, దొరకడం ఒక్కటే కారణమైతే అందరూ తాగాలి. నేను చూసినంతలో ఆ అలవాటు పట్టుకునే సమయం ఒకటి ఉంది. పదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ అయ్యేదాకా మన పిల్లలు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాత్రి పదకొండు దాకా పుస్తకాల ముందు కూర్చుంటారు. ఆదివారం కూడా పరీక్షే, ఫోన్ ఉండదు, ఇంటికి మాట్లాడటానికి కూడా వంతు ఉంటుంది. అలాంటి రెండేళ్ళ తరవాత ఒక్కసారిగా ఇంజనీరింగ్ హాస్టల్‌కు వచ్చేసరికి చేతిలో ఫోనూ, జేబులో డబ్బూ, అడిగేవారు లేని సాయంత్రమూ దొరుకుతాయి. తనకు ఏమిష్టమో, ఖాళీ సమయంలో ఏం చేయాలో తెలుసుకునే అవకాశమే లేకుండా పెరిగిన పిల్లవాడికి, ఖాళీగా కూర్చోవడమే ఆనందంగా ఉండేలా చేసే పదార్థం ఒకటి పరిచయమవుతుంది. అది ఇచ్చేవాడు సినిమాల్లో చూపించే దుర్మార్గుడు కాదు, పక్క గదిలోని సీనియరో, చిన్ననాటి స్నేహితుడో. మొదటి రెండు మూడు సార్లు డబ్బు కూడా అడగడు. ఆ తరవాత నలుగురూ కలిసి డబ్బు వేసుకోవడం, తెలిసినవాడికి యూపీఐలో పంపడం, చెప్పిన చోటికి వెళ్ళి పొట్లం తెచ్చుకోవడం మొదలవుతుంది. అందులో భాగంగా ఇంకో ఇద్దరికి అమ్మితే తనది ఉచితమవుతుందని తెలిసిన రోజున తాగేవాడు అమ్మేవాడవుతాడు. ఆ గీత దాటానని చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇదంతా మగపిల్లల సంగతే అనుకోవద్దు. ఆడపిల్లలూ ఉన్నారు, వాళ్ళ విషయంలో ఇంటివాళ్ళు ఇంకా ఎక్కువగా దాస్తారు, అందుకని వైద్యం ఇంకా ఆలస్యమవుతుంది.

దేశం మొత్తం మీద చూస్తే, ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మత్తు వ్యసన చికిత్సా కేంద్రం చేసిన సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ళ వయసువారిలో 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్ల మంది, ఆ ఏడాదిలో భంగు, గంజాయి, ఆ మొక్క జిగురుతో చేసే చరస్‌లలో ఏదో ఒకటి వాడారని, వారిలో సుమారు 72 లక్షల మందికి సహాయం అవసరమని అందులో తేలింది. వాడేవారి సంఖ్య భంగులో ఎక్కువైనా, హాని జరిగే స్థాయికి వెళ్ళేవారి నిష్పత్తి గంజాయి, చరస్‌లలోనే ఎక్కువ. అదే సర్వేలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన అంకె వేరు. వైట్‌నర్, థిన్నర్, జిగురులాంటివి పీల్చే అలవాటు పెద్దవారిలో 0.58 శాతం ఉంటే, పది నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో 1.17 శాతం ఉంది. రైల్వే స్టేషన్ల దగ్గర గుడ్డ ముక్క ముక్కుకు అదిమి పట్టుకుని కూర్చునే పిల్లలు కళాశాల మెట్లెక్కని పిల్లలు. ఆ పదార్థాల్లో ఉండే టాలుయీన్ లాంటి ద్రావకాలు మెదడులోని తెల్ల పదార్థాన్ని దెబ్బతీస్తాయి, ఒక్కోసారి గుండె లయ తప్పి మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం పోవచ్చు. ఆ పిల్లల కోసం మాస్టారికి ఫోన్ చేసే తండ్రి కూడా ఉండడు.

ఇప్పుడు మెదడు సంగతికి వస్తాను. టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియేల్ గవోనీ అనే రసాయన శాస్త్రవేత్తలు విడదీసి, దాని నిర్మాణం తేల్చారు. ఈ పరాయి పదార్థం పని చేయడానికి మన మెదడులో ఒక తాళం ఉందంటే, ఆ తాళానికి మన శరీరమే తయారు చేసుకునే తాళంచెవి కూడా ఉండాలి కదా అన్న ప్రశ్నకు జవాబు 1992లో మెషూలమ్ ప్రయోగశాలలోనే దొరికింది. ఆ సహజ పదార్థానికి మన 'ఆనందం' అన్న మాట నుంచే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఈ పాఠం చెప్పేటప్పుడు తరగతిలో పిల్లల ముఖాలు వెలుగుతాయి. అయితే అసలు విషయం ఆ పేరు తరవాత ఉంది. మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు, చాలు, ఇక ఆపు అని చెప్పడానికి ఆనందమైడ్ లాంటి పదార్థాలు అప్పటికప్పుడు, ఆ చోట మాత్రమే, కావలసినంతే తయారవుతాయి, పని అయిన వెంటనే ఎంజైములు వాటిని విరగ్గొట్టేస్తాయి. టీహెచ్‌సీ అలా కాదు. అది ఒక్క చోటికి కాక మెదడంతటికీ ఒకేసారి చేరుతుంది, గంటల తరబడి ఉంటుంది, పైగా కొవ్వులో కరిగే గుణం వల్ల శరీరంలో నిల్వ ఉండిపోతుంది. రోజూ తాగేవారి మూత్రంలో ఆపిన కొన్ని వారాల తరవాత కూడా దాని ఆనవాళ్ళు కనిపించేది అందుకే.

పెరిగిన మెదడుకూ పెరుగుతున్న మెదడుకూ తేడా ఇక్కడే వస్తుంది. పదమూడు పద్నాలుగేళ్ళ నుంచి ఇరవై అయిదేళ్ళ దాకా మన మెదడు అక్కరలేని సంధానాలను తెంపుకుంటూ, అక్కరకొచ్చే దారులను గట్టి చేసుకుంటూ ఉంటుంది. ముందువెనుకలు ఆలోచించడం, కోరికను ఆపుకోవడం, ఒక పని మీద నిలబడటం చూసే నుదుటి వెనుక భాగం అన్నిటికంటే చివరగా పక్వానికి వస్తుంది. ఏ సంధానం ఉంచాలి, ఏది తెంపాలి అన్న నిర్ణయంలో శరీరపు సొంత ఆనందమైడ్ వ్యవస్థకు పాత్ర ఉంది. తోటమాలి ఏ కొమ్మ కత్తిరించాలో చూసుకుంటున్న సమయంలో ఎవరో వచ్చి తోటంతా పొగ పెడితే ఏమవుతుందో, ఆ వయసులో రోజూ గంజాయి తాగితే అదే అవుతుంది. గంజాయి వాడినవారిలో సుమారు పది మందిలో ఒకరు దానికి బానిసలైతే, కౌమారంలో మొదలుపెట్టినవారిలో ఆరుగురిలో ఒకరు బానిసలవుతారని పరిశోధకులు చెబుతారు. ఎంత తాగావు అన్న ప్రశ్నతో సమానంగా ఎన్నో ఏట మొదలుపెట్టావు అన్న ప్రశ్న కూడా అడగాలని వైద్యులు అనేది ఇందుకే.

స్వీడన్‌లో 1969-70లో సైనిక శిక్షణకు వచ్చిన 45 వేలకు పైగా యువకులను పదిహేనేళ్ళ పాటు గమనించి, 1987లో ఆ వివరాలను ప్రచురించారు. శిక్షణకు వచ్చేనాటికే యాభై సార్లకు మించి గంజాయి తాగినవారికి, తర్వాత స్కిజోఫ్రెనియా, అంటే లేనివి వినిపించి, లేనిపోని అనుమానాలు పట్టుకునే తీవ్రమైన మనసు జబ్బు, రావడం అసలు తాగనివారి కంటే ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఐరోపాలో పలు నగరాల్లోనూ బ్రెజిల్‌లోనూ చేసి 2019లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో, ఘాటైన సరుకు రోజూ తాగేవారికి సైకోసిస్, అంటే నిజమేదో భ్రమేదో తెలియని స్థితి, వచ్చే అవకాశం దాదాపు అయిదు రెట్లు ఉందని తేలింది. తాగిన ప్రతి ఒక్కరికీ ఇది రాదు, చాలామందికి రాదు. వంశంలో ఉన్న బలహీనత, చిన్నతనంలో పడిన దెబ్బలు, ఇతర అలవాట్లు కూడా ఇందులో కలుస్తాయి. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం. ఎందుకంటే, ఒక్కసారి తాగితే పిచ్చెక్కుతుందని మనం చెబితే, తాగి ఏమీ కాని స్నేహితుణ్ణి చూసిన పిల్లవాడు ఆ తరవాత మనం చెప్పే నిజాలను కూడా నమ్మడు.

మా పిల్లవాడు నాకిచ్చిన మాట మూడు వారాలు నిలబెట్టుకున్నాడని తరవాత తెలిసింది. ఆ మూడు వారాల్లో నిద్ర పట్టక, అన్నం సహించక, చిన్న మాటకే చిరాకు పడి, మళ్ళీ మొదలుపెట్టాడు. రోజూ తాగేవారు ఆపిన మొదటి వారంలో ఈ బాధ అన్నిటికంటే ఎక్కువగా ఉంటుందని, రెండు మూడు వారాలు సాగవచ్చని, అదొక వైద్య లక్షణమని అప్పుడు నాకు తెలిస్తే, పట్టుదల లేదని అతన్ని మందలించి ఉండేవాణ్ణి కాదు. ఆ తరవాత అతని హాజరు తగ్గింది. గదిలో దీపం వేయనిచ్చేవాడు కాదు. పుస్తకం తెరిచి ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ చదివేవాడని రూమ్మేట్ చెప్పాడు. ఫోన్‌లో తన మాటలు ఎవరో రికార్డు చేస్తున్నారని సిమ్ తీసి పారేశాడు, మెస్‌లో తన కంచంలో ఏదో కలుపుతున్నారని తినడం మానేశాడు. తల్లిదండ్రులు ఇంటికి తీసుకువెళ్ళారు. గాలి సోకిందని ఒకరు చెబితే తాయెత్తు కట్టించారు, ఎవరో చేతబడి చేశారంటే ఒక గుడి దగ్గర నలభై రోజులు ఉంచారు. వాళ్ళను తప్పు పట్టే అర్హత నాకు లేదు. చదువుకున్న నేను ఫోన్‌లో "పరీక్షల ఒత్తిడి అయి ఉంటుందండి, కాస్త విశ్రాంతి ఇవ్వండి" అని చెప్పాను. మొదటి ఫోన్ వచ్చిన రోజు నుంచి మానసిక వైద్యుడి గది దాకా చేరడానికి ఏడు నెలలు పట్టింది. ఒక రాత్రి చెప్పులు లేకుండా ఊరు దాటి హైవే మీద నడుస్తుంటే లారీ డ్రైవరు ఒకరు ఆపి కూర్చోబెట్టాడు కాబట్టి ఆ గదికైనా చేరాడు.

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో డాక్టరు గారు కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అని అడిగినప్పుడు, తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత తన అన్నగారి సంగతి చెప్పారు. పాతికేళ్ళుగా ఆ మేనమామ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, ఆ పిల్లవాడికి అలాంటి మేనమామ ఉన్నాడనే తెలియదు. తెలిసి ఉంటే తాగేవాడు కాదని నేననలేను. కానీ షుగరు, బీపీ వంశంలో ఉన్నాయని పిల్లలకు జాగ్రత్తలు చెప్పే మనం, మనసు జబ్బు ఉన్నదని మాత్రం పెళ్ళి సంబంధాలు పాడవుతాయన్న భయంతో దాస్తాం, ఎవరికైతే గంజాయి అందరికంటే ప్రమాదమో వాళ్ళకే ఆ సంగతి తెలియకుండా పోతుంది. ఇది గంజాయి తెచ్చిన జబ్బా, రాబోయే జబ్బును గంజాయి ముందుకు లాగిందా అని తండ్రి అడిగితే, ఇప్పుడే చెప్పలేనని డాక్టరు గారు నిజాయితీగా అన్నారు. డెన్మార్క్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, గంజాయి వల్ల సైకోసిస్ వచ్చిందని మొదట నమోదైనవారిలో దాదాపు సగం మందికి తరవాతి ఏళ్ళలో స్కిజోఫ్రెనియానో, అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చిమార్చి వచ్చే బైపోలార్ జబ్బో ఖాయమైంది. మందులు మానకుండా ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలనేది అందుకే.

మనసు జబ్బు కాకుండా ఇంకో లక్షణం గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని పట్టుకోలేక తిరిగే కుటుంబాలున్నాయి. ఏళ్ళ తరబడి రోజూ తాగే కొందరికి ఉన్నట్టుండి ఆగని వాంతులు, కడుపు నొప్పి మొదలవుతాయి. వేడి నీళ్ళతో స్నానం చేస్తున్నంతసేపు మాత్రం హాయిగా ఉంటుంది, అందుకని రోజుకు అయిదారు సార్లు స్నానం చేస్తారు. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు మొదటిసారి దీన్ని వివరించారు. గ్యాస్ అని, అల్సర్ అని ఎండోస్కోపీలు చేయించుకుంటూ, గంజాయి మాట డాక్టరుకు చెప్పక నీరసించిపోయిన ఒక విద్యార్థి నాకు తెలుసు. తాగడం పూర్తిగా ఆపడమే దానికి మందు.

మిగిలిన మత్తుపదార్థాల గురించి క్లుప్తంగా రాస్తాను. నొప్పి మందు టపెంటడాల్ మాత్రలను నూరి సూదితో ఎక్కించుకునేవారిలో నరాలు పూడుకుపోవడం, చీము గడ్డలు, ఒకే సూది నలుగురు వాడితే హెపటైటిస్ సీ, హెచ్‌ఐవీ రావడం జరుగుతాయి. మోతాదు మించితే శ్వాస ఆగిపోతుంది. పెంటజోసిన్ అనే ఇంకో నొప్పి మందు ఇంజెక్షన్లు పొడిచిన చోటల్లా కండ బిగిసిపోయి పుండ్లు పడతాయి. అల్‌ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర సంగతి వేరు. దాన్ని ఉన్నపళంగా మానేయడమే ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు ఆగిపోగానే జనం మెడలు వంకర్లు పోయి, లేనిపోనివి కనిపించి ఆసుపత్రులకు బారులు తీరింది, ఆ కల్లులో కలిపిన ఈ రకం మందులు ఒక్కసారిగా అందకపోవడం వల్లనే. కాబట్టి ఇంట్లో మాత్రలు దొరికితే లాక్కుని పారేయకుండా ముందు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. హైదరాబాద్ పార్టీల్లో వినిపించే ఎండీఎంఏ అనే మత్తుమందు శరీరపు వేడిని ప్రాణాంతకంగా పెంచుతుంది. దాని పేరుతో అమ్మేదాంట్లో మెఫెడ్రోన్ అనే ఇంకో మత్తుమందు ఉందో మరేముందో కొన్నవాడికి తెలిసే దారి లేదు.

గంజాయి వ్యసనాన్ని మాన్పించడానికి ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంతవరకు ఏదీ లేదు. నిద్రకు, ఆందోళనకు కొంతకాలం మందులిస్తారు, అసలు వైద్యం వారం వారం కూర్చుని మాట్లాడే కౌన్సెలింగే. ఇది నెమ్మదిగా సాగుతుంది, మధ్యలో మళ్ళీ తాగడం కూడా జరుగుతుంది. ఈ నెమ్మదితనాన్ని భరించలేని తల్లిదండ్రులు మూడు నెలల్లో మార్చేస్తామనే ప్రైవేటు కేంద్రాలకు లక్షలు కట్టి పిల్లలను అప్పగిస్తున్నారు. మంచి కేంద్రాలు ఉన్నాయి. గొలుసులతో కట్టేసేవి, కొట్టేవి కూడా ఉన్నాయి. మత్తు వ్యసనంతో వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గుర్తించింది, ఆ చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నిషిద్ధం, కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చేర్చే ముందు ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి, మానసిక వైద్యుడు ఏ రోజుల్లో వస్తాడో అడగండి, బిడ్డతో వారానికి ఎన్నిసార్లు మాట్లాడనిస్తారో అడగండి.

పోలీసులకు తెలిస్తే జీవితం పోతుందన్న భయం గురించి కూడా చెప్పాలి, వైద్యం ఆలస్యం కావడానికి నేను చూసిన పెద్ద కారణం అదే. ఆసుపత్రికి వెళితే కేసు అవుతుందని చాలామంది నిజంగా నమ్ముతున్నారు. తాగడం నేరమే, గంజాయి విషయంలో ఆరు నెలల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్ కింద, వాడినందుకో స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంత తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ చికిత్సకు ముందుకొస్తే, ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ పోవచ్చు. ఈ సంగతి తెలిసిన విద్యార్థిని నేనింతవరకు చూడలేదు. మత్తు వద్దంటూ మా దగ్గర ర్యాలీలు జరుగుతాయి, ప్రతిజ్ఞలు చేయిస్తారు, ప్రతి ఏటా జూన్ 26న గోడల మీద పోస్టర్లు వెలుస్తాయి. ఆ పోస్టర్లలో పుర్రె బొమ్మ ఉంటుంది గానీ 64ఏ అన్న మాట ఉండదు.

కళాశాలల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఒక పిల్లవాడు దొరికితే, పేరు బయటికి రాకుండా టీసీ చేతిలో పెట్టి పంపేయడమే ఇప్పుడు నడుస్తున్న పద్ధతి. అమ్మేవాడి విషయం వేరు, అది పోలీసులు చూడాలి. తాగుతూ దొరికినవాణ్ణి పంపేస్తే వాడు ఇంటికి చెప్పుకోలేడు, ఇంకో కాలేజీలో చేరలేడు, వాడికి మిగిలేది సరుకు తెచ్చే స్నేహితుల గది మాత్రమే. మా పిల్లవాడి విషయంలో కూడా ఆ కాగితం సిద్ధమైంది. వైద్యుడి సర్టిఫికెట్టుతో ఒక సంవత్సరం విరామం ఇవ్వమని అడగడానికి నేను నాలుగు సార్లు పైవాళ్ళ గదికి వెళ్ళవలసి వచ్చింది.

ఇప్పుడు తల్లిదండ్రులు నన్ను అడిగితే ఈ రెండు మూడు సంగతులే చెబుతాను. ఎర్ర కళ్ళు, వాసన కోసం వెతకడం కంటే, ఆటో పాటో ఇంతకాలం ఇష్టపడినదాన్ని బిడ్డ ఎప్పుడు వదిలేశాడో గమనించండి. తెలిసిన రోజున ఎవరిచ్చారని కాదు, ఎప్పటి నుంచి, రోజూనా అని అడగండి, ఆ జవాబు డాక్టరుకు అవసరం. చేయి చేసుకోకండి. మత్తు మాన్పించే జాతీయ సహాయ కేంద్రం 14446 నంబరుకు గానీ, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416 నంబరుకు గానీ మీరే ముందు ఫోన్ చేసి మాట్లాడండి, ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మకం గురించి చెప్పాలంటే 1972 ఉంది. అనుమానంగా మాట్లాడటం, ఎవరో వెంటపడుతున్నారనడం, తనలో తాను నవ్వుకోవడం కనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆగకండి. చెవిలో మాటలు వినిపించడం మొదలై ఎంత కాలం వైద్యం లేకుండా గడిస్తే, తిరిగి కోలుకోవడం అంత కష్టమవుతుంది.

ఆ పిల్లవాడు తనకంటే రెండేళ్ళ చిన్నవాళ్ళతో కలిసి ఇప్పుడు చదువు కొనసాగిస్తున్నాడు. రాత్రి పూట మాత్ర ఇంకా వేసుకుంటున్నాడు, దానివల్ల కొంత లావయ్యాడు, పొద్దున్నే లేవడం కష్టంగా ఉంటుందంటాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాడు. ఆ మర్నాడే తండ్రికి తానే ఫోన్ చేసి చెప్పాడు, ఈసారి ఆ తండ్రి గంజాయేనట అని అనలేదు, మొదటి బస్సుకు వచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. పోయిన నెలలో మిగిలిపోయిన ఒక సబ్జెక్టు రాయడానికి వచ్చి, పరీక్ష హాలు బయట నా పక్కన నిలబడ్డాడు. ఎలా చదివావని అడిగాను. "ఇదివరకు ఒక పేజీ పదిసార్లు చదివినా ఎక్కేది కాదు సార్. ఇప్పుడు మూడుసార్లు చదివితే ఎక్కుతోంది" అన్నాడు. బెల్లు మోగింది, హాల్ టికెట్ తీసుకుని లోపలికి వెళ్ళాడు.